బొంగరం, బేబ్లేడ్, మట్టిబండి: ఆటవస్తువుల తులనలో స్మృతి, న్యాయం

ప్రవేశిక

తన బాల్యంలోని ఆటవస్తువు నేటి పిల్లల ఆటవస్తువుకన్నా మేలైనదని చెప్పే పెద్దమనిషి నిజానికి ఏం చెబుతున్నట్టు? వస్తువు గుణాన్ని చెబుతున్నాడా, తన వయసును చెప్పుకొంటున్నాడా, నేటి పిల్లల మీద తీర్పు చెబుతున్నాడా? ఈ మూడూ ఒకే వాక్యంలో కలిసిపోవడం వల్లనే ఇటువంటి మాట ఎవరికీ అభ్యంతరకరంగా తోచదు. విడదీసి చూస్తే మొదటిది పరీక్షకు నిలవవలసిన వాదం, రెండవది ఆత్మకథ, మూడవది నైతిక నిర్ణయం. ఆత్మకథ బలంతో నైతిక నిర్ణయం చేయవచ్చునా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ఈ ప్రశ్నకు రెండు క్షేత్రాలు ఉపకరిస్తాయి. ఒకటి, జపనీయ యానిమే చిత్రాలతో ముడిపడిన ఆటబొమ్మల విషయంలో జపాను, అమెరికా రూపాలను పోల్చి చూసే అభిమానుల అలవాటు. రెండవది, అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలతో కూడిన కోనసీమలో కొబ్బరాకు బొమ్మలు, కర్ర బొంగరాలు, తీర్థాల్లో కొన్న బొమ్మలు, టీవీ చూపించిన బేబ్లేడ్లు వరుసగా మూడు తరాల స్మృతుల్లో నిలిచిన తీరు. దూరంగా కనిపించే ఈ రెండు క్షేత్రాలను బొంగరం కలుపుతుంది.

'అసలు' అనే భావన

జపాను బొమ్మే అసలుది, అమెరికా బొమ్మ దాని పలుచని నకలు అన్నది అభిమానుల్లో తరచు వినిపించే అభిప్రాయం. దీనికి ఆధారం లేకపోలేదు. మాజింగర్ జెడ్ ధారావాహిక 1972లో జపాను టీవీలో మొదలైంది. 1974లో పోపీ సంస్థ ఆ కథలోని కల్పిత లోహం పేరు మీదనే 'చోగోకిన్' శ్రేణిని విడుదల చేసింది. లోహంతో పోతపోసిన ఆ బొమ్మల బరువు చేతికి తెలిసేది. ఆ బరువును ఒకసారి ఎరిగినవారికి ప్లాస్టిక్ బొమ్మ తేలికగా తోచడం సహజం.

ట్రాన్స్‌ఫార్మర్స్ చరిత్ర మాత్రం ఈ అభిప్రాయాన్ని చిక్కులో పడవేస్తుంది. జపానులో టకారా సంస్థ డయాక్లోన్, మైక్రోమాన్ శ్రేణుల కింద అమ్మిన మారురూపు యంత్రాలను హాస్‌బ్రో తీసుకొని, వాటికి పేర్లూ స్వభావాలూ వైరాలూ కల్పించి 1984లో అమెరికాలో విడుదల చేసింది. డయాక్లోన్ యంత్రాన్ని నడపడానికి లోపల ఒక చిన్న మానవుని బొమ్మ ఉండేది. అమెరికా కథ ఆ చోదకుణ్ణి తొలగించి యంత్రానికే ప్రాణం పోసింది. మరుసటి ఏడాది, 1985లో, ఆ అమెరికా కథ పేరుతో అవే బొమ్మలు తిరిగి జపాను దుకాణాలకు చేరాయి. ఇక్కడ అసలు ఏది, నకలు ఏది? వస్తువు జపానుది, వ్యక్తిత్వం అమెరికాది. జపాను బాలుని స్మృతిలో నిలిచినది ఈ రెండూ కలిసిన మూడవ రూపం.

బేబ్లేడ్ కథ మరికొంత లోతుకు తీసుకుపోతుంది. టకారా సంస్థ దాన్ని 1999లో జపానులో విడుదల చేసింది. 2002లో అది హాస్‌బ్రో ద్వారా అమెరికా విపణిలో ప్రవేశించింది. అభిమానులు ఆ రెండు సంస్థల రూపాలను లోహపు పాలు, అంచుల పదును, మీట బిగువు చూసి పోలుస్తారు. కాని టకారా రూపం కూడా ఒక పాత ఆటకు కొత్త అవతారమే. జపాను పిల్లలు తరతరాలుగా ఆడిన 'బేగోమ' అనే చిన్న బొంగరం పేరులోని మొదటి భాగమే బేబ్లేడ్ పేరులో ఉంది. బేగోమను మొదట సముద్రపు గవ్వచిప్పతో చేసేవారు, తరువాత ఇనుముతో పోతపోశారు. తొట్టి మీద గుడ్డ బిగించి, ఆ పల్లపు బరిలో ఒకరి బొంగరం మరొకరి బొంగరాన్ని బయటికి నెట్టడమే ఆట. గవ్వతో ఆడినవాని దృష్టిలో ఇనుప బేగోమ నకలు, ఇనుపదానితో ఆడినవాని దృష్టిలో బేబ్లేడ్ నకలు. ప్రతి తరానికీ తన చేతికి మొదట అందినదే అసలు. కనుక ఈ చర్చలో 'అసలు' అన్నది వస్తువు పుట్టుకను కాక, వస్తువును అందుకొన్న వయసును సూచించే మాట.

కోనసీమలో ఆటవస్తువు

కోనసీమ పిల్లల చేతికి మొదట అందిన వస్తువు చాలాకాలం కొబ్బరాకే. ఆకు చుట్టి ఊదితే బూర, మడతలు అల్లితే పాము, ఈనెకు గుచ్చి గాలికి ఎదురు పరుగెత్తితే గిరక, ముంజేతికి కడితే గడియారం, ముక్కు మీద నిలిపితే కళ్ళజోడు. రాలిన పిందెకు ఈనెపుల్ల గుచ్చితే బొంగరం. ముంజెలు తిన్న తాటికాయలు బండికి చక్రాలు. సంక్రాంతి రోజుల్లో జగ్గన్నతోట ప్రభల తీర్థంలో, మాఘమాసంలో అంతర్వేది తీర్థంలో కొనే బొమ్మలు ఏటికొక్కసారి వచ్చేవి. ఆకుబొమ్మలు మాత్రం ఏడాది పొడుగునా ఉండేవి, సాయంత్రానికి వాడిపోయేవి.

రోలాఁ బార్త్ 1957లో వెలువరించిన 'మిథాలజీస్'లో బొమ్మల మీద ఒక వ్యాసం ఉంది. పెద్దల ప్రపంచాన్ని సిద్ధరూపంలో అందించే బొమ్మ పిల్లవాణ్ణి స్రష్టగా కాక వినియోగదారునిగా తయారుచేస్తుందని ఆయన వాదం. కర్రను మెచ్చి ప్లాస్టిక్‌ను నిరసించడం ఆ వ్యాసంలోని మరొక అంశం. కోనసీమ ఆకుబొమ్మను ఈ వాదానికి ఉదాహరణగా చూపాలనిపించడం సహజమే. అయితే పైన చెప్పిన జాబితాను మళ్ళీ చూడాలి. గడియారం, కళ్ళజోడు, బూర, బండి, ఇవన్నీ పెద్దల వస్తువులకు ప్రతిరూపాలే. పైగా ఆ ఇంట్లో లేని వస్తువులకు ప్రతిరూపాలు. గంట చూపని ఆకు గడియారాన్ని కట్టుకొన్న పిల్లవాడు ప్రకృతి ఒడిలో కోరికలేక ఆడుకొంటున్నాడనడం పొరపాటు. అతడు ఒక గడియారాన్ని కోరుకొంటున్నాడు. ఆకుబొమ్మలో అమాయకత్వంతో పాటు ఒక తులన కూడా అల్లుకొని ఉంది.

అందువల్ల ఆకుబొమ్మ ఆధిక్యాన్ని దాని పదార్థంలో వెదకడం సరికాదు. అది వేరే మూడు సంగతుల్లో ఉంది. పిల్లవాడు దాన్ని తానే చేయగలడు, ఇంకొకరికి నేర్పగలడు. చెడితే ఎవరూ కోప్పడరు. దాన్ని బట్టి ఇద్దరు పిల్లల మధ్య హెచ్చుతగ్గులు ఏర్పడవు. ఈ మూడు గుణాలూ కొబ్బరాకుకు మాత్రమే పరిమితమైనవి కావు. ప్లాస్టిక్ వస్తువు కూడా వాటికి చోటివ్వవచ్చు. కొనలేని బేబ్లేడ్‌కు బదులు సీసా మూతకు పుల్ల గుచ్చి తిప్పిన పిల్లవాడు వాటిని కోల్పోలేదు.

బొంగరం సాహిత్యంలోనూ సాధారణ వస్తువు కాదు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన 'పల్నాటి వీరచరిత్ర'లో బాలచంద్రుని బొంగరాలాట కథను మలుపు తిప్పుతుంది. విసిరిన బొంగరం దారిన పోయే స్త్రీ కాలికి తగలడం, ఆమె నిందించడం, తనవారు యుద్ధరంగంలో ఉన్నారన్న సంగతి బాలునికి తెలియడం, ఆట ఆగి కదనానికి బయలుదేరడం అక్కడి క్రమం. ఆ కావ్యంలో ఆటకూ యుద్ధానికీ మధ్య ఒక గడప ఉంది. దాన్ని దాటినవాడు మళ్ళీ ఆటకు రాలేదు. బేబ్లేడ్ యానిమే ఆ గడపను చెరిపివేసింది. బొంగరంలో పవిత్రమృగాల శక్తి ఉన్నట్టు, ప్రతి పందెం జీవన్మరణ సమస్య అయినట్టు చూపింది. కేబుల్ టీవీలో దాన్ని చూసి పెరిగిన కోనసీమ యువతకు ఇప్పుడు ఆ బొంగరమే గతస్మృతి. వారి తండ్రులకు తాడు చుట్టి విసిరిన కర్ర బొంగరం, గిరిలో పెట్టిన బొంగరాన్ని ములికితో కొట్టిన దెబ్బ గతస్మృతి. రెండు తరాలూ ఒకరి స్మృతిని మరొకరు తక్కువ చేసి మాట్లాడతాయి. ఆడినది మాత్రం ఒకే ఆట.

మట్టిబండి అడిగిన ప్రశ్న

గతవ్యామోహం మీద వచ్చే ప్రధానమైన ఆక్షేపణ పేదరికానికి సంబంధించినది. శూద్రకుని 'మృచ్ఛకటికం' ఆరవ అంకంలో చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారు బండితో ఆడి, అది వెనక్కి పోగానే మట్టిబండి వద్దని ఏడుస్తాడు. ఆ మట్టిబండిని ఎంతో ప్రేమతో చేసి ఇచ్చిన రదనిక పక్కనే ఉంది. ఆ పిల్లవానికి మట్టి మహత్త్యం గురించి ఎవరూ ఉపన్యసించరు. వసంతసేన తన నగలు తీసి బండిలో నింపుతుంది. నాటకానికి పేరు తెచ్చినది ఈ ఘట్టమే.

కొబ్బరాకు బొమ్మను కీర్తించే వ్యాసాలు రోహసేనుని ఏడుపును వినిపించుకోవు. ఆకుబొమ్మతో ఆడిన పిల్లల్లో కొందరు ఇష్టపడి ఆడారు, కొందరు వేరే గతిలేక ఆడారు. కొబ్బరి దింపు, వలుపు పనుల మీద బతికిన కుటుంబాల్లో ఆడుకొనే వయసులోనే పనికి పోయిన పిల్లలకు ఆ ఆకు ఆటవస్తువుగా తోచిన గంటలు తక్కువ. 1996 నవంబరు 6 తుపానులో తోటలు నేలకూలినప్పుడు పడిన మట్టలకు కొదవ లేదు. పనీ పైకమూ పోయిన ఇళ్ళలో వాటిని చూసి ఆట గుర్తుకు రావడం కష్టం. కనుక ఒకే ఆకు ఒకరికి మధురస్మృతి, మరొకరికి లేమికి గుర్తు. మొదటివారి స్మృతిని ప్రాంతం మొత్తానికీ ఆపాదించడం సత్యం కాదు, న్యాయమూ కాదు.

దీనికి మరొక పార్శ్వం గల్ఫ్ వలస. కువైట్, దుబాయి, మస్కట్లకు పనికి వెళ్ళినవారు ఉన్న ఇళ్ళలో బ్యాటరీతో నడిచే కారూ, మాట్లాడే బొమ్మా పెట్టెల్లో వచ్చాయి. వాడలోని ఇతర పిల్లలకు అవి బంగారు బండ్లు. అందుకొన్న పిల్లలకు అవి తల్లి లేక తండ్రి ఇంట్లో లేని ఏళ్ళకు బదులుగా దక్కిన వస్తువులు. మృచ్ఛకటికంలో వసంతసేన నగలే తరువాత న్యాయస్థానంలో చారుదత్తుని మీద సాక్ష్యంగా నిలుస్తాయి. ఏడ్చే పిల్లవానికి ఇచ్చిన కానుక వెల మరెక్కడో మరెవరో చెల్లిస్తారన్న ఎరుక ఆ నాటకంలో ఉంది. గల్ఫ్ బొమ్మను పరాయి వ్యామోహమని తీసివేసే విమర్శకు ఆ ఎరుక లేదు. 1688లో యొహానెస్ హోఫర్ 'నోస్టాల్జియా' అనే మాటను కల్పించినది స్వదేశానికి దూరమైనవారి వ్యాధికి పేరుగా. ఆ మొదటి అర్థంలో నోస్టాల్జియా బొమ్మను పంపినవారిది. బొమ్మను పోల్చి చూసే వ్యాసకర్తల నోస్టాల్జియా ఆ మాటకు తరువాత కలిగిన అర్థం.

స్మృతికి గల హక్కు

ఇంతమాత్రాన స్మృతికి విలువ లేదనడం తొందరపాటు అవుతుంది. 'అభిజ్ఞాన శాకుంతలం' అయిదవ అంకంలో దుష్యంతుడు పాట విని, కారణం తెలియని ఆర్తికి లోనవుతాడు. అభినవగుప్తుడు రసచర్చలో ఈ ఘట్టాన్ని ఉదాహరించి, ఇక్కడి స్మృతి తార్కికులు చెప్పే స్మరణ వంటిది కాదని, ఫలానా వస్తువును పట్టి చూపేది కాదని వివరిస్తాడు. బొమ్మను చూసినప్పుడు కలిగే ఆర్తి కూడా చాలావరకు ఇటువంటిదే. గిరకను తలచుకొన్నప్పుడు మనసు పోయేది గిరక దగ్గరికి కాదు. కాలవగట్టు మీది సాయంత్రం, తోడున్న పిల్లలు, ఎవరూ లెక్క అడగని సమయం, వీటి వైపు పోతుంది. ఆర్తి నిజమే, దానికి వస్తువును కారణంగా చూపడమే పొరపాటు. స్వెత్లానా బోయ్మ్ 2001లో గతవ్యామోహాన్ని రెండు విధాలుగా విభజించింది. ఒకటి పోయినదాన్ని యథాతథంగా నిలబెట్టాలని చూసేది, రెండవది పోయిందని ఎరిగి దాని గురించి ఆలోచించేది. మొదటిది వస్తువులను సేకరిస్తుంది, పోల్చి తీర్పు చెబుతుంది. పిల్లలకు పనికివచ్చేది రెండవది.

ఎందుకు పనికివస్తుందో రెండు ఉదాహరణలు చెబుతాయి. జపాను బొమ్మల్లోని స్ప్రింగు క్షిపణులను అమెరికా విడుదలల్లో బలం తగ్గించి అమ్మారు. చిన్నపిల్లల గొంతులో ముక్కలు ఇరుక్కొనే ప్రమాదం అక్కడ పెద్ద చర్చ కావడమే దీనికి నేపథ్యం. అభిమానులకు ఇది బొమ్మను పాడుచేయడం. ఆ బొమ్మతో ఆడబోయే పసివాని వైపు నుంచి చూస్తే అది పెద్దల కనీస బాధ్యత. రెండవ ఉదాహరణ ఆంధ్రదేశంలోనిదే. అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక లక్కబొమ్మల్లోకి గత శతాబ్దంలో రసాయనిక రంగులు ప్రవేశించాయి. పసిపిల్లలు బొమ్మను నోట పెట్టుకొంటారన్న ఎరుక కూడా తోడై, కళాకారులు చెట్ల నుంచి తీసే రంగులకు మళ్ళారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ గతం వైపు చూపు నేటి పిల్లవాని నోటిని దృష్టిలో పెట్టుకొని సాగింది. అందుకే అది న్యాయమైన చూపు.

ముగింపు

పై చర్చ నుంచి మూడు నిర్ణయాలు తేలుతున్నాయి. ఒకటి, ఆటవస్తువుల తులనలో 'అసలు' అన్న ప్రమాణం నిలవదు. బేగోమ నుంచి బేబ్లేడ్ వరకు ప్రతి రూపమూ మరొకదానికి మారురూపమే. రెండు, ఆకుబొమ్మ గొప్పదనం ఆకులో లేదు. అది చేయడం, నేర్పడం, పోగొట్టుకోవడం అనే స్వేచ్ఛల్లో ఉంది. ఆ స్వేచ్ఛను లేమితో కలిపి కీర్తించడం లేమిని అనుభవించినవారికి అన్యాయం. మూడు, గతస్మృతికి నైతిక బలం చేకూరేది అది నేటి పిల్లలకు ఏదైనా ఇవ్వగలిగినప్పుడే. ఆడుకొనే చోటు, తోడు, లెక్క అడగని సమయం అన్నవి ఆ స్మృతి చూపించే వస్తువులు. వీటిలో ఏదీ దుకాణంలో దొరకదు, ఏదీ ఒక దేశపు సొత్తు కాదు. నేటి కోనసీమ పిల్లవానికి ట్యూషన్ల మధ్య ఒక సాయంత్రం మిగల్చలేని పెద్దలు అతని చేతిలోని ప్లాస్టిక్ బొంగరాన్ని తప్పుపట్టడంలో ఔచిత్యం లేదు. బొంగరం ఏదైనా తిప్పడానికి కొంత నేల కావాలి, ఎదురు నిలిచి ఆడేందుకు మరొక పిల్లవాడు కావాలి. తులన మొదలుకావలసినది ఈ రెంటి నుంచే.