పదును ఎవరి పని?

కత్తికి పదును పెట్టే పరికరం కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే కనిపించే ప్రశ్నలన్నీ కత్తి గురించే ఉంటాయి. స్టీలు ఎంత గట్టిది? కోణం 15 డిగ్రీలా, 20 డిగ్రీలా? కార్బైడా, సిరామిక్కా, డైమండా? ఆ కత్తితో రోజూ కోసేది ఎవరు, దానికి పదును పెట్టేది ఎవరు అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా ఉండదు. నాకు ఆ ప్రశ్నే అసలుదనిపిస్తుంది. అయితే పరికరాల సంగతి తేల్చకుండా నేరుగా అక్కడికి వెళ్తే ఉపన్యాసమైపోతుంది. కాబట్టి మాటతో మొదలుపెట్టి, వస్తువు మీదుగా మనుషుల దగ్గరికి వెళ్దాం.

తెలుగులో పదును ఒక్క కత్తికే కాదు, నేలకీ ఉంటుంది. వాన పడ్డాక దున్నడానికి సరిపడా తడి ఉంటే నేల పదును మీద ఉందంటారు. తడి ఎక్కువైతే బురద, తక్కువైతే పెళ్లలు. అదునూ పదునూ చూసుకుని సేద్యం చెయ్యమంటారు పెద్దవాళ్ళు. అంటే పదును అన్నది 'వీలైనంత ఎక్కువ' అనే కొలత కాదు. చెయ్యబోయే పనికి సరిగ్గా సిద్ధంగా ఉండటం. గడ్డం గీసే బ్లేడు ఎంత పదునైనదైనా కొబ్బరికాయ కొట్టలేదు. కొబ్బరికాయ కొట్టే కత్తి పండిన టమాటాని కొయ్యదు, నలిపేస్తుంది. దేని పదును దానిది.

దీనికి ఎదురు మాట 'మొద్దు'. అది కత్తికీ వాడతాం, మనిషికీ వాడతాం. మనసు మొద్దుబారింది అని కూడా అంటాం. మూడింట్లోనూ ఒకటే పోలిక: ఏదీ ఒక్కరోజులో మొద్దుబారదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియనంత నెమ్మదిగా జరుగుతుంది. అందుకే వాడేవాళ్ళకి ఫిర్యాదు చెయ్యాలని కూడా తోచదు.

ఇక వస్తువు సంగతి. కత్తి మొద్దుబారడం రెండు రకాలు. మొదటిది, అంచు ఓ పక్కకి వాలిపోవడం. లోహం అక్కడే ఉంటుంది, నిటారుగా ఉండదంతే. దీనికి గీతలున్న పొడుగాటి స్టీలు కడ్డీ చాలు, అంచుని మళ్ళీ వరసలోకి తెస్తుంది. రెండోది, అంచు నిజంగానే అరిగి గుండ్రంగా అవడం. అప్పుడు కడ్డీ పనికిరాదు. రెండు పక్కలా కొంత లోహం తీసేసి కొత్త అంచు తయారుచెయ్యాలి. సాన పట్టడమంటే ఇదే. కత్తికి మనం పదునుని కలపం, పదును బయటపడేదాకా కత్తిని కొంత తగ్గిస్తాం. పట్టిన ప్రతిసారీ కత్తి కాస్త చిన్నదవుతుంది.

ఎంత తగ్గిస్తామన్నది పరికరాన్ని బట్టి ఉంటుంది. బాగా అమ్ముడుపోయే చేతి పరికరంలో 'వి' ఆకారపు గాడి ఉంటుంది. అందులో టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు రెండు ఎదురెదురుగా బిగించి ఉంటాయి. నాలుగుసార్లు లాగితే చాలు, కత్తి తెగుతుంది. కోణం దానిదే, మనం ఆలోచించక్కర్లేదు. కానీ అది అరగదీయదు, చెక్కేస్తుంది. అవసరమైనదానికన్నా ఎక్కువ లోహం పోతుంది, అంచు గరుకుగా తయారై తొందరగా మళ్ళీ మొద్దుబారుతుంది. పక్కనే ఉండే సిరామిక్ గాడి మెత్తనిది, రోజువారీకి అదే నయం. రంపపు పళ్ళున్న బ్రెడ్ కత్తిని ఈ గాడిలో పెట్టకూడదు. ఒక్క పక్కే చెక్కిన జపనీస్ కత్తులకీ ఇది పనికిరాదు.

రాయి సంగతి వేరు. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు మొహాల కార్బొరండం రాయి చాలా ఇళ్ళకి సరిపోతుంది. గరుకు మొహంతో మొదలుపెట్టి సన్నటి మొహంతో ముగించాలి. 45 మిల్లీమీటర్ల వెడల్పున్న కత్తి వెన్నుని రాయి మీద నుంచి 15 మిల్లీమీటర్లు ఎత్తి పట్టుకుంటే దాదాపు 20 డిగ్రీలు వస్తుంది. వంటింటి కత్తికి అది చాలు. కోణం సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే అంచు మీద మార్కర్‌తో గీసి రెండుసార్లు రుద్ది చూడాలి. ఇంకు ఎక్కడ పోయిందో అక్కడే రాయి తగులుతోందన్నమాట. ఒక పక్క రుద్దుతుంటే రెండో పక్క అంచు వెంట సన్నటి లోహపు పొర లేస్తుంది, వేలిని అడ్డంగా జరిపితే తెలుస్తుంది. అది అంచు పొడవునా లేచాకే కత్తి తిప్పాలి. చివరికి ఆ పొరని సన్నటి మొహం మీద నెమ్మదిగా తీసెయ్యాలి. ఇదంతా నేర్చుకోవడానికి రెండు మూడు ఆదివారాలు పడుతుంది. రాయి లేకపోతే పింగాణీ కప్పు అడుగున మెరుపు లేని గరుకు అంచు ఉంటుంది చూడండి, అత్యవసరానికి అదీ పనిచేస్తుంది.

ఇంతకీ ఈ పరికరాలన్నీ పిడి ఉన్న కత్తిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. మన కత్తిపీట ఆ గాడిలో ఇమడదు. దాని బ్లేడు పీటకి బిగించి ఉంటుంది, వంపు తిరిగి ఉంటుంది, చాలావాటికి కొసన కొబ్బరి కోరే పళ్ళుంటాయి. దాన్ని రాయి దగ్గరికి తీసుకెళ్ళలేం. రాయే దాని దగ్గరికి రావాలి. వెనకటికి ఆ పని సైకిల్‌కి సానచక్రం బిగించుకుని వీధిలోకి వచ్చే మనిషి చేసేవాడు. అతను పెడల్ తొక్కుతూ నిప్పురవ్వలు రాల్చేవాడు. నీళ్ళు తగలకుండా ఎక్కువసేపు ఆనిస్తే అంచు వేడెక్కి నీలంగా మారి గట్టిదనం పోయేది. అనుభవమున్నవాడు తాకించీ తాకించనట్టు పట్టేవాడు. కత్తితోపాటు అతన్నీ నమ్మాల్సి వచ్చేది. ఇప్పుడు అతను అరుదు. వచ్చినా అపార్ట్‌మెంట్ గేటు దాటి లోపలికి రాలేడు.

ఇక మనుషుల దగ్గరికి. మాది కశింకోట. చుట్టూ చెరకు, పక్కనే అనకాపల్లిలో దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. ఇప్పుడు చెరకు బాగా తగ్గింది గానీ, సంక్రాంతికి ముందూ వెనకా ఇంకా నరుకుళ్ళు కనిపిస్తాయి. చెరకు నరికే కత్తికి పదును ఉందా లేదా అన్నది అక్కడ సౌకర్యం సంగతి కాదు. గడలో పంచదార ఎక్కువగా ఉండేది మొదటి కణుపుల్లో, కాబట్టి భూమట్టానికి నరకాలి. మొద్దుకత్తితో నరికితే మోడు చీలిపోతుంది. అదే దుబ్బు నుంచి వచ్చే కార్శి తోటలో పిలకలు దెబ్బతింటాయి. అంటే ఈ ఏటి మొద్దుదనానికి వచ్చే ఏటి పంట మూల్యం చెల్లిస్తుంది. టన్నుకింత అని కూలి మాట్లాడుకున్న చోట పదును లేని ప్రతి దెబ్బా నరికేవాడి జేబులోంచే పోతుంది. అందుకే మధ్యలో ఆగి కత్తి నూరుకుంటే ఎవరూ పని ఎగ్గొట్టాడనరు. నూరడం కూడా పనిలో భాగమే.

అదే కశింకోటలో, అవే ఇళ్ళల్లో, వంటింట్లోకి వెళ్ళి చూడండి. అక్కడి కత్తి ఎన్నేళ్ళ నుంచి మొద్దుగా ఉందో ఎవరికీ తెలీదు. నేను మా అమ్మని అడిగితే, "తెగుతంది కదరా, ఏటయిందిప్పుడు?" అంది. తెగుతోంది నిజమే. కానీ తెగడానికి కావల్సిన పదునంతా కత్తి నుంచి కాదు, ఆవిడ మణికట్టు నుంచి వస్తోంది. కత్తిలో తగ్గినదాన్ని చెయ్యి భర్తీ చేస్తుంటే బయటికి ఏ తేడా కనపడదు. కూర టైముకే వస్తుంది, ముక్కలు సమానంగానే ఉంటాయి.

2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఆ 299లో మొద్దుకత్తి వాటా ఎంతో ఎవరూ లెక్కెయ్యరు. లెక్కేసినా ఎవరి జేబులోంచీ పోదు కాబట్టి అది నష్టంగా కనపడదు. చేలో కత్తికి పదును తగ్గితే డబ్బు మాట్లాడుతుంది. వంటింట్లో తగ్గితే మాట్లాడాల్సింది చేసేవాళ్ళే, వాళ్ళేమో తెగుతోంది కదా అంటారు. మొద్దుకత్తి బద్ధకానికి గుర్తని మనం అనుకుంటాం. నాకది లెక్కలోకి రాని శ్రమకి గుర్తనిపిస్తుంది.

కత్తి గురించి తత్వవేత్తలు రాసినవాటిలో అందరికీ ఇష్టమైనది చువాంగ్‌ట్సూ చెప్పిన వంటవాడి కథ. మామూలు వంటవాడు ఎముకల మీద నరుకుతాడు, నెలకో కత్తి మారుస్తాడు. మంచి వంటవాడు కోస్తాడు, ఏడాదికో కత్తి. ఇతనేమో కీళ్ళ మధ్య ఖాళీల్లోంచి కత్తిని పోనిస్తాడు. 19 ఏళ్ళయినా అతని కత్తి ఇప్పుడే సాన పట్టినట్టుంటుంది. అది చూసిన ప్రభువు, ఎలా బతకాలో నేర్చుకున్నానంటాడు. కథ అందమైనదే. కానీ అందులో ఒక వసతి ఉంది: ఆ వంటవాడికి ప్రేక్షకుడున్నాడు. అతని చేతివాటాన్ని నిలబడి చూసి, అది జ్ఞానమని గుర్తించిన ప్రభువున్నాడు. మన వంటిళ్ళలో ఏళ్ళ తరబడి మొద్దుకత్తితో సమానంగా ముక్కలు తరిగే నైపుణ్యానికి అలా నిలబడి చూసేవాళ్ళు లేరు. పైగా ఉల్లిపాయకి కీళ్ళుండవు.

నైపుణ్యాన్ని సమర్థించేవాళ్ళు ఇంకో వాదన చేస్తారు. గాడి పరికరం మనల్ని చేతకానివాళ్ళని చేస్తుంది, రాయే మనిషిని వస్తువుతో కలుపుతుంది అని. ఆల్బర్ట్ బోర్గ్‌మన్ 1984లో రాసిన పుస్తకంలో దీనికి దగ్గరి మాట ఉంది. పరికరం మనకి ఫలితాన్ని ఇచ్చి, దాని వెనకున్న పనినీ మనుషుల్నీ దాచేస్తుందంటాడు. ఆయన ఉదాహరణ పొయ్యి. హీటింగ్ యంత్రం వెచ్చదనం ఒక్కటే ఇస్తుంది. పొయ్యి చుట్టూ ఇల్లంతా ఉండేది. నేను ఈ వాదనతో చాలావరకు ఏకీభవిస్తాను. రాయి మీద కత్తి కదులుతుంటే చప్పుడు మారడాన్ని బట్టి కోణం తప్పిందని తెలిసే క్షణం ఏ గాడిలోనూ దొరకదు.

అయితే ఆ వాదనని వంటింట్లో పెట్టి చూస్తే ఓ మెలిక కనిపిస్తుంది. ఎవరి నైపుణ్యం, ఎవరి టైముతో? పొద్దున్న ఏడింటికి క్యారేజీలు సర్దాల్సిన మనిషిని పట్టుకుని 'గాడి వద్దు, రాయి మీద నేర్చుకో' అంటే అది జ్ఞానం కాదు, ఇంకో పని. ఆవిడకి నాలుగు లాగుల్లో తెగే గాడి పరికరమే న్యాయం. కత్తి ఆయుష్షు కొంత తగ్గితే తగ్గనీ. కత్తి అరిగిపోవడం కన్నా మణికట్టు అరిగిపోవడం చెడ్డది కదా.

బోర్గ్‌మన్ చెప్పిన పొయ్యిలోనే దీనికి జవాబు ఉంది. ఆ ఇంట్లో పొయ్యి రాజేసేది ఒకరు, కట్టెలు పేర్చి పెట్టేది పిల్లలు, కొట్టుకొచ్చేది ఇంకొకరు. పొయ్యి గొప్పదనం కష్టంగా ఉండటంలో లేదు, ఆ కష్టం ఇంటిల్లిపాదికీ పంచబడటంలో ఉంది. రాయికీ అదే వర్తిస్తుంది. తరిగేది ఒకరైతే నూరేది ఇంకొకరు కావాలి. చేలో నరికేవాడే నూరుకుంటాడు, ఎందుకంటే ఆ లాభం అతనిదే. వంటింట్లో కోసింది అందరూ తింటారు. కాబట్టి నూరాల్సింది తినేవాళ్ళు.

ఇది చిన్న విషయంలా ఉంటుంది. రెండు వారాలకోసారి పది నిమిషాల పని. కానీ ఆ పని చెయ్యాలంటే ముందు కత్తి ఎలా ఉందో గమనించాలి. గమనించాలంటే దాంతో ఒక్కసారైనా కొయ్యాలి. అక్కడే చాలామంది ఆగిపోతారు. పరికరం కొని బహుమతిగా ఇవ్వడం తేలిక, అది సొరుగులో పడి ఉంటుంది. దసరాకి లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి ఫోటో తీసుకునే మా ఆఫీసుల్లో పనిముట్ల మీద గౌరవానికి లోటు లేదు. ఇంట్లో రోజుకి మూడుసార్లు వాడే పనిముట్టు దగ్గరికే ఆ గౌరవం చేరలేదు.

ఇంకో జాగ్రత్త. ఏళ్ళ తరబడి మొద్దుకత్తితో పనిచేసిన చెయ్యి బలం పెట్టడానికి అలవాటు పడి ఉంటుంది. మొద్దుకత్తే ఎక్కువ ప్రమాదమని అంటారు, అది నిజమే. బలంగా నొక్కినప్పుడే కత్తి జారుతుంది. కానీ అదే బలం అలవాటైన చేతికి చెప్పాపెట్టకుండా పదునైన కత్తిని ఇవ్వడం కూడా ప్రమాదమే. అందుకే నూరే ముందు అడగాలి, నూరాక చెప్పాలి. ఎంత పదును కావాలో కోసేవాళ్ళే చెప్పాలి. కొందరికి కాయితాన్ని చీల్చే అంచు భయం, టమాటా తొక్క తెగితే చాలంటారు. అది అజ్ఞానం కాదు. పదునంటే పనికి సరిపడా సిద్ధంగా ఉండటం అనుకున్నాం కదా. ఆ పని వాళ్ళది, సరిపోయిందో లేదో చెప్పాల్సిందీ వాళ్ళే.

కాబట్టి ఏ పరికరం కొనాలని ఎవరైనా అడిగితే నేను ముందు ఒకటి అడుగుతాను: మీ ఇంట్లో రోజూ కోసేది మీరేనా? మీరే అయితే, టైము లేకపోతే సిరామిక్ గాడి ఉన్నది కొనుక్కోండి, కార్బైడ్ జోలికి ఎక్కువ పోకండి. మీరు కాకపోతే రాయి కొనండి. కత్తిపీట ఉన్న ఇంట్లో అయితే చేతిలో ఇమిడే చిన్న రాయి తీసుకోండి, దాన్ని బ్లేడు వెంట నడపాలి. రెండు మూడు ఆదివారాలు పాడవుతాయి. పాడవనివ్వండి.