తొమ్మిది రోజుల పాట

మహారాష్ట్రలోని ఘుగ్గుస్‌లో ఒక బొగ్గుగని కార్మికుడుండేవాడు. కరీంనగర్ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చి, అండర్‌గ్రౌండ్ గనిలో పనికి కుదిరి, కాలనీ క్వార్టర్‌లో కాపురం పెట్టాడు. వార్ధా నదికి దగ్గరి ఊరది. ఒకపక్క వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ గనులు, మరోపక్క సిమెంటు, ఇనుము ఫ్యాక్టరీలు. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతుంది. అక్కడి తెలుగు పిల్లలకు బళ్లో మరాఠీ, బజారులో హిందీ, గడప దాటి లోపలికొస్తే తెలుగు. తెలుగు చదవడం, రాయడం చాలామందికి రాదు. వాళ్లకు తెలుగు చెప్పిన పంతుళ్లు అమ్మ, సినిమా పాట.

ఆ కార్మికుడి కొడుక్కి ఎనిమిదేళ్లప్పుడు పక్క క్వార్టర్‌లో ఒక పిల్ల ఉండేది. వాళ్లింట్లో టేప్‌రికార్డర్ ఉంది. 2001లో ‘మనసంతా నువ్వే’ సినిమా వచ్చింది. చిన్నప్పుడే విడిపోయిన ఇద్దరు పెద్దయ్యాక మళ్లీ కలుసుకునే కథ. అందులో పిల్లలమీద ఒక పాట ఉంది. సిరివెన్నెల రాశారు, ఆర్.పి. పట్నాయక్ బాణీ కట్టారు, ఉష, సంజీవని పాడారు. ఎండాకాలం సాయంత్రాలు గుమ్మం ముందు నులకమంచం వాల్చుకుని ఆ పిల్లలిద్దరూ అదే పాట మళ్లీ మళ్లీ పెట్టుకునేవాళ్లు. టేపు చిక్కుపడితే ఆ పిల్ల పెన్సిల్ దూర్చి చక్రం తిప్పేది. ముందుపన్ను ఊడి ఉండటంతో కొన్ని అక్షరాలు గాలిలా జారిపోయేవి. అతన్ని పేరుపెట్టి పిలవదు. “ఓ పిలగా, పాట తప్పుతున్నవ్” అని దిద్దేది.

మరుసటి ఏడాది వాళ్ల నాన్నకు ఉమ్రేడ్ గనికి బదిలీ అయింది. సామాను లారీకెక్కింది. అంతే.

పిల్లవాడు పెద్దవాడై బీఎస్సీలో చేరాడు. రోజూ ఎస్టీ (రాష్ట్ర రవాణా) బస్సులో చంద్రపూర్ కాలేజీకి వెళ్లి రావడం, కిటికీ పక్క సీటు కోసం తోపులాట, ప్రాక్టికల్ రికార్డులు, క్యాంటీన్‌లో అప్పు ఖాతా. ఆ పిల్ల సంగతి తలపుకే రాలేదు. ఒక చలికాలం సాయంత్రం పడోలీ దగ్గర బస్సు దిగి టీ తాగుతుంటే, తెలంగాణ వైపు వెళ్లే లారీ ఒకటి పక్కన ఆగింది. డ్రైవర్ క్యాబిన్‌లోంచి ఆ పాట వినపడింది.

చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. దుమ్ము అణగడానికి ట్యాంకర్ నీళ్లు చల్లిన రోడ్డు వాసన, మంచం నులక తొడలకు గుచ్చుకోవడం, పెన్సిల్ చివర పళ్లగాట్లు, ఊడిన పన్ను సందులోంచి వచ్చే ఆ పిలుపు, అన్నీ ఒక్కసారే వచ్చాయి. ఇన్నేళ్లు అవన్నీ తనలోనే ఉన్నాయని అతనికి తెలియదు. లారీ కదిలిపోయాక కూడా కాసేపు మాట్లాడలేకపోయాడు.

మర్నాడే మొబైల్ షాపులో మెమరీ కార్డులోకి ఆ పాట ఎక్కించుకున్నాడు. రాత్రి ఫిజిక్స్ పుస్తకం తెరిచి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అదొక్కటే తిరిగి తిరిగి వినేవాడు. మొదటి రాత్రులు ఆ పిల్ల వచ్చింది. వారం తిరిగేసరికి గొంతు మాత్రం వచ్చింది. నెలాఖరుకు పాట పెడితే థర్మోడైనమిక్స్ పేజీ, తిరిగే ఫ్యాను, సగం తాగి వదిలేసిన చాయ్ కనపడ్డాయి. సౌండ్ పెంచాడు. లాభం లేదు. పరీక్షలో ఆ అధ్యాయం నుంచి వచ్చిన ప్రశ్నకు పాటే గుర్తొచ్చింది, జవాబు రాలేదు.

కొడుకు దిగులు చూసి తండ్రి అడిగాడు. సిగ్గుపడుతూనే చెప్పాడు కొడుకు. తండ్రి నవ్వలేదు. “పైకప్పును ఆపే పిల్లర్‌ల గూడ బొగ్గే ఉంటదిరా, మంచి బొగ్గే. గని నడిచినన్ని రోజులు దాన్ని ముట్టం. ఆశపడి చెక్కుకుంటపోతే రూఫ్ మీదికొస్తది” అన్నాడు.

కొడుక్కి మాట వినిపించింది గానీ మనసుకెక్కలేదు. ఆశ్వయుజంలో బతుకమ్మ వచ్చింది. కాలనీ ఆడవాళ్లు గునుగు, తంగేడు, బంతి పేర్చి గుండ్రంగా తిరుగుతూ పాడుతున్నారు. ఒక పాట దగ్గర తల్లి గొంతు వణికింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చప్పట్లు కలిపింది. ఇంటికొచ్చాక, అది తన తల్లి పాడే పాటని చెప్పింది. కొడుకు ఫోను తీశాడు. “మళ్ల పాడమ్మా, రికార్డ్ చేస్త. ఎప్పుడంటే అప్పుడు ఇనొచ్చు.”

“అద్దు కొడుకా. ఇది తొమ్మిది దినాల పాట. ఏడాదంత ఇంటే మా అవ్వ దాంట్ల ఉంటదా?”

ఆ రాత్రి అతను కార్డులోంచి పాట తీసేశాడు. చాలా ఏళ్లకు, ఉద్యోగం వచ్చాక, బల్లార్షాలో ఒక పెళ్లిలో మళ్లీ విన్నాడు. నులకమంచం వచ్చింది, పిలుపు వచ్చింది. మొహం రాలేదు. ఫిజిక్స్ పేజీ కూడా ఒక మూల తొంగిచూసింది.

నీతి: మనిషిని దాచిన పాటను తరచుగా తెరవకూడదు.

చిన్ననాటి ఇష్టాన్ని తలుచుకోవడం తప్పని ఈ కథ అనడం లేదు. ఆ ఇష్టం విలువైనది గనుకే ఇంత మాట. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పీటర్ జనాటా 2009లో ప్రచురించిన పరిశోధనలో, సొంత జ్ఞాపకాన్ని లేపే పాట విన్నప్పుడు నుదుటి వెనక, మెదడు మధ్యభాగంలో ఒక చోటు చురుకవుతుందని తేలింది. అయితే ఒకే గుర్తుకు ఎన్ని ఎక్కువ సంగతులు తగిలిస్తే, అందులో ఏ ఒక్కదాన్నైనా బయటికి లాగే బలం దానికి అంత తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970లలోనే చూపించారు. ఒక్క ఎండాకాలానికే కట్టుబడిన పాట నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది. రోజూ విన్న పాటకు వెళ్లడానికి నూరు చోట్లుంటాయి. కుర్రాడి విషయంలో జరిగింది అదే.

మన పెద్దలకు ఈ లెక్కలు తెలియవు. కానీ ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా బతుకమ్మ పాటకు తొమ్మిది రోజులే ఇచ్చారు. పండగ నియమంగా మొదలైనా, ప్రతి ఆడపిల్ల గొంతులో పుట్టిల్లు చెడకుండా నిలవడానికి ఆ ఎడమే సాయపడిందని నా నమ్మకం. ఇప్పుడు ఆ పాటలు కూడా ఏడాది పొడుగునా ఫోన్లలో మోగుతున్నాయి. పరదేశంలో ఉన్నవాళ్లకు అది ఊరట, కాదనను. అయినా ఒక్క పాటనైనా పండగ కోసం అట్టేపెట్టుకున్న ఇల్లు అదృష్టం చేసుకున్నట్టే.

విద్యార్థులకు ఇంకొక మాట. మాటలున్న పాట నేపథ్యంలో మోగుతుంటే, కళ్లతో చూసిన అంకెల వరుసను కాసేపైనా గుర్తుంచుకోవడం కష్టమవుతుందని 1989లో మనస్తత్వ శాస్త్రవేత్తలు సలామె, బ్యాడ్లీ ప్రయోగం చేసి చూపించారు. అందుకే, మీకు ఎవరినో గుర్తుచేసే పాట ఏదో మీకు తెలిసిన రోజున, దాన్ని చదువుకునేటప్పటి పాటల వరుసలోంచి తీసేయండి. లారీలోనో పెళ్లిలోనో పక్కింటి రేడియోలోనో ఎదురుపడినప్పుడు, చేస్తున్న పని ఆపి, పాట అయిపోయేదాకా నిలబడి వినండి.