గుడికి కావలసిన సామాను

కొత్తగా ఒక గుడి పెట్టాలంటే ఏమేం సామాను కావాలి?

ఇది నాకు నేను వేసుకున్న ప్రశ్న కాదు. మా ఊరికి ఎగువన ఇళ్ళ స్థలాలిచ్చాక కాలనీ లేచింది. పాత పల్లెలోని గుడి అక్కడికి మైలున్నర. ముసలీముతకా నడవలేకపోతున్నారు. కాలనీలోనే రేకుల షెడ్డు ఒకటి వేసుకుందామన్నారు. పంతులు ఉద్యోగం చేసి దిగినవాణ్ణి గదా, చందాలకు తిరగడానికి సామాను జాబితా రాసిపెట్టమని నాకు అప్పజెప్పారు. వాళ్ళు చెబుతుంటే రాసుకుంటూ పోయాను. స్థలానికి కాగితం. రేకులు, ఇనప పైపులు. ప్లాస్టిక్ కుర్చీలు యాభై, పిల్లలకు పట్టాలు. బోధకుడు నిలబడే బల్ల. బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలు. ప్రభు బల్లకు పళ్ళెం, చిన్న గ్లాసులు. కానుక సంచులు. మైకు సెట్టు, కీబోర్డు. గంట. సంఘస్తుల పేర్లు రాసే రిజిస్టరు.

ఇంకేమైనా మరిచామా అని అడిగితే డిగ్రీ చదివే కుర్రాడొకడు, "డప్పులు రాయండి సార్, రెండు" అన్నాడు. కూర్చున్న వాళ్ళలో కొందరు నవ్వారు. పెద్ద వయసు వాళ్ళు నలుగురైదుగురు లేచి వెళ్ళిపోయారు.

వాళ్ళు ఎందుకు లేచిపోయారు? డప్పు మన సంస్కృతి అని సభల్లో భుజానికి తగిలించుకునే మిత్రులకు ఇది అంతుపట్టదు. మిషనరీల మాయ అంటారు, బానిస బుద్ధి అంటారు. ఆ మాట నేను అనలేను. లేచిపోయినవాళ్ళ చరిత్ర నాకు తెలుసు. ఆ చరిత్ర నాది కూడా.

మా ఒంగోలు సీమలో ఈ మతం పుట్టింది దొరల బంగళాలో కాదు, తోళ్ళ వ్యాపారం చేసే ఒక మాదిగ ఇంట్లో. ఆయన పేరు యెర్రగుంట్ల పేరయ్య. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర ఒంగోలులో 1867 జనవరి 1న సంఘం పెట్టినప్పుడు ఉన్నది ఎనిమిది మంది. చేరే మాదిగలకు మూడు కట్టడలు పెట్టారు. ఆదివారం పని చేయగూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినగూడదు. విగ్రహాలకు మొక్కగూడదు. చూడ్డానికి మూడూ దేవుడి సంగతుల్లా కనపడతాయి. ఊరికి మాత్రం అవి వేరేగా వినపడ్డాయి. ఆదివారం పని మానితే ఆసామి చేలో పని ఆగిపోతుంది. చచ్చిన గొడ్డును ముట్టనంటే కొట్టంలో కళేబరం కంపు కొడుతుంది. విగ్రహానికి మొక్కనివాడు జాతరలో డప్పు కొట్టడు. డప్పు లేకుండా ఊరికి జాతరే లేదు. రెడ్లూ కరణాలూ కోపంతో ఊగిపోయింది అందుకే. మాదిగోడు ఏ దేవుణ్ణి మొక్కితే వాళ్ళకేం? వెట్టి మానేశాడని వాళ్ళ బాధ.

1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత దూరం కాంట్రాక్టు క్లౌ దొర తీసుకుని మనుషులకు పని చూపించాడు. కరువు తర్వాత, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముంచింది ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు మార్చుకుంటూ. కూటి కోసం కలిశారు అని తీసిపారేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కూడు లేనివాడికి కూటి కోసం మతం మారే హక్కు లేదా? ఆ చర్చ ఇంకోసారి పెట్టుకుందాం.

నేను అడిగేది ఇంకొకటి. ఆ రోజు ఆ గుడికి సామాను ఏముంది? ఏరు ఉంది. రేకులు లేవు, గంట లేదు, కుర్చీ లేదు. తెచ్చుకున్న సామాను జాబితా రాద్దామంటే ఒక పంక్తి నిండదు. దింపేసిన సామాను జాబితా మాత్రం పెద్దది. అందులో మొదటిది డప్పు.

మా జేజి చెప్పేది. వాళ్ళ మామ జాతరకు డప్పు పట్టుకుని రానన్నాడని ఊరోళ్ళు మంచినీళ్ళ చెరువు కట్ట ఎక్కనివ్వలేదంట. ఎండాకాలమంతా వాగులో చెలమలు తోడుకుని తాగారంట. పసిబిడ్డలకు విరేచనాలు పట్టుకున్నాయంట. అయినా ఆయన డప్పు దింపిన చోటు నుంచి ఎత్తలేదు. ఆ తర్వాతెప్పుడో గుడిసె లాంటి గుడి కట్టుకుని, ముందరి వేపచెట్టుకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీశారు. సుత్తితో కొడితే రెండు పొలాల అవతలికి వినపడేది. ఊరి డప్పు మోగితే పల్లె పనికి పోవాలి. ఈ ఇనప ముక్క మోగితే పల్లె తన కోసం తాను లేస్తుంది. మోతల్లో ఆ తేడా తెలిసినవాళ్ళ బిడ్డలే మొన్న లేచిపోయిన ముసలోళ్ళు. వాళ్ళలో నాకు పెద్దమ్మ వరసయ్యే ఆమె ఇంటికి పోయి అడిగాను.

"కొట్టరా అంటే కొట్టినోళ్ళం, ఆపరా అంటే ఆపినోళ్ళం. దాన్ని దింపుకోను మావోళ్ళు తన్నులు తిన్నారు. మళ్ళా దాన్నే తెచ్చి దేవుని ముందర పెట్టమంటావా నాయనా?" అన్నది.

నా దగ్గర వెంటనే చెప్పే జవాబు లేదు.

కుర్రాడి పక్షాన కూడా చరిత్ర ఉంది. 1994 జులై 7న ఇదే ప్రకాశం జిల్లాలో, ఈదుమూడిలో, మాదిగ దండోరా మొదలైంది. ఆ పేరులోనే డప్పు ఉంది. ఊరి చాటింపు కోసం, ఊరి పెద్ద మాట మోసుకొని తిరిగిన డప్పు, తన సొంత మాట చెప్పడానికి మోగింది. ఆ డప్పు చుట్టూ చేరినవాళ్ళలో యేసురత్నాలూ, ప్రభుదాసులూ, మరియమ్మలూ తక్కువేం కాదు. ముత్తాత డప్పు దింపి మనిషయ్యాడు. మునిమనవడు డప్పు ఎత్తి మనిషయ్యాడు. ఇద్దరిలో ఒకరు తప్పు కావాలా? నాకు అట్లా అనిపించదు. ముత్తాత దింపింది తోలును కాదు, హుకుమును. ఆయన కాలంలో తోలూ హుకుమూ అంటుకుపోయి ఉన్నాయి, రెండూ ఒకసారే దింపాల్సి వచ్చింది. వాటిని విడదీయడానికి నూరేళ్ళు పైన పట్టింది. పెద్దమ్మకు అవి ఇంకా విడిపోలేదు. ఆమె వయసులో, ఆమె చెవులతో వింటే నాకూ విడిపోవేమో.

బైబిలు తెలిసినవాళ్ళకు ఒక సంగతి గుర్తు చేస్తాను. అపొస్తలుల కార్యములు పదో అధ్యాయంలో పేతురుకు దర్శనం వస్తుంది. శుద్ధమైనవీ అశుద్ధమైనవీ అని తాను పంచుకున్న జంతువులన్నీ ఒక దుప్పటిలో దిగుతాయి, దేవుడు శుద్ధి చేసినదాన్ని అశుద్ధమనవద్దని మాట వినపడుతుంది. ఈ భాగం మీద నేను చిన్నప్పటినుంచి కనీసం ముప్పై ప్రసంగాలు విన్నాను. ఆ దర్శనం వచ్చినప్పుడు పేతురు ఎవరి మిద్దె మీద ఉన్నాడో ఒక్క బోధకుడూ నిలబడి చెప్పలేదు. చర్మకారుడైన సీమోను ఇంటి మీద. ఆ ఇల్లు సముద్రపు దరిన. తోళ్ళు ఊనేవాడి ఇల్లు కాబట్టి అది మన పల్లె లాంటి చోటే అయ్యుంటుందని నేననుకుంటాను. లందల కంపు ముక్కుకు తగులుతుండగానే పేతురు ఆ మాట విన్నాడు. మన గుళ్ళలో మాత్రం ఆ తోలు వాసన గురించి మాట్లాడితే నామోషీ.

కీబోర్డుకు ఎవరూ అడ్డం చెప్పలేదు. దాన్ని ఏ మతంవాడు చేశాడో, ఏ సినిమా పాటకు వాయించారో అడగలేదు. తబలా వచ్చినా అడగరు. తబలా మూతికి ఉన్నది ఏమిటి మరి? మృదంగం మీద ఆవు తోలు, మేక తోలు మూస్తారు. తమిళనాడులో తరతరాలుగా ఆ పని చేస్తున్నవాళ్ళలో దళిత క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయని టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకమే రాశాడు. కచ్చేరీలో తోలుకు పట్టుపంచె దొరికింది, మూసినవాడికి వాకిలి దొరకలేదు. మదురైలోని తమిళనాడు థియొలాజికల్ సెమినరీలో పాఠాలు చెప్పిన థియోఫిలస్ అప్పావు మన డప్పులాంటి పఱైని ఆరాధనలోకి తెచ్చాడు. అందరూ ఒకే కుండలో వండుకుని తినాలని కూడా ఆయన చెప్పాడు. 2005లో పోయాడు. డప్పునూ కుండనూ ఆయన కలిపి చూడటం నాకు నచ్చుతుంది. మనవాళ్ళు డప్పును తీసుకుని కుండను వదిలేస్తారు. మాలపల్లె గుడి ఒకటి, మాదిగపల్లె గుడి ఒకటి ఉన్న ఊళ్ళు మనకు ఎన్ని లేవు? రెండు గుళ్ళలోనూ చదివేది ఒకే బైబిలు.

జాబితాలో ఇంకో వస్తువు ఉంది, రిజిస్టరు. దాని గురించి ఎవరూ పోట్లాడలేదు, గొంతు తగ్గించి మాట్లాడారు. రెండు డప్పులు రాయమన్న కుర్రాడే తర్వాత నన్ను పక్కకు పిలిచి, "నా పేరు మాత్రం రిజిస్టర్లో ఎక్కించొద్దు సార్" అన్నాడు. ఎందుకో మీకు తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు తెరవలేదు. మనకు బీసీ-సి అని ఒక్క శాతం చేతిలో పెట్టారు. గుళ్ళోకి పోతే కులం పోతుందని ప్రభుత్వం అంటుంది. గుళ్ళోకి పోయినా పోలేదని ఊరు అంటుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను నరికినవాళ్ళు ఎవరి రిజిస్టరూ తిరగేసి చూసుకోలేదు. ఆ పిల్లాణ్ణి పిరికివాడు అననా? దరువు వినపడాలి, పేరు కనపడగూడదు అనే స్థితిలోకి వాణ్ణి నెట్టినవాళ్ళను ఏమనాలి ముందు?

చివరికి సంఘం కూర్చుని డప్పులకు సరేనంది. పెద్దమ్మ ఒక షరతు పెట్టింది. మనం మన కోసం కొడితే కొట్టండి, ఎవరింటి పెండ్లికో చావుకో రమ్మంటే గుడి డప్పు గడప దాటగూడదు అన్నది. అందరూ ఒప్పుకున్నారు.

ఇక చేసేదెవరు? ఒంగోలులో ఫైబర్ డప్పులు దొరుకుతాయి, మరలు బిగిస్తే చాలు, సెగ కూడా అక్కర్లేదు అన్నాడొకడు. తోలుదే కావాలన్నారు మిగతావాళ్ళు. తోలు డప్పు చేయగలవాడు మా పాత పల్లెలో ఒక్కడే మిగిలాడు. నాకు మామ వరస. ఎనభై దాటినాయి. ఆయన గుడి మొహం చూసి నలభై ఏళ్ళు. జాతరలో కూలికి డప్పు కొట్టాడని అప్పటి సంఘ పెద్దలు ఆయన్ని ప్రభు బల్లకు దూరం పెట్టారు. ఇంట్లో నలుగురు పిల్లలు, భూమి లేదు, ఆయనకు చేతనైన పని అది. వెట్టికి కొట్టడం వేరు, కూలి అడిగి కొట్టడం వేరు అని ఆయన ఆనాడే అన్నాడంట. ఎవరూ వినలేదు. మిగతా పెద్దలు ఆసాముల పొలాల్లో ఆదివారం కూడా కలుపు తీయించారు. వాళ్ళను ఏ బల్లా దూరం పెట్టలేదు.

నేనూ, కుర్రాడూ, కొత్త బోధకుడూ కలిసి ఆయన దగ్గరికి పోయాం. నులకమంచంలో లేచి కూర్చున్నాడు. విషయం చెబితే మొహం వెలిగింది. చట్రానికి కర్ర ఏది, మేకతోలు ఎన్ని రోజులు నానాలి, చింతగింజల జిగురు ఎంత చిక్కగా ఉండాలి, అన్నీ కుర్రాడికి చేతులు తిప్పుతూ చెప్పాడు. చిటికెన పుల్ల పట్టుకునే తీరు ఉత్త వేళ్ళతో చూపించాడు. తర్వాత కాసేపు ఊరుకుని నా వంక చూశాడు.

"అల్లుడూ, నన్ను పిలిచేది డప్పు చేయనా, బల్ల కాడికా?"

నేను బోధకుడి వంక చూశాను. సంఘంలో పెట్టాలి తాతా అని ఆయన నసిగాడు.

"అయితే పెట్టి రాండి. తోలు సంగతి తర్వాత" అని మామ మళ్ళీ మంచం మీద వాలిపోయాడు.