తీసి ఉన్న తలుపు

వీధి తలుపు తీసి ఉందనుకోండి. దారినపోయేవాళ్ల చెవిన మన మాట ఒకటి పడుతుంది. అది వాళ్ల తప్పు కాదు. కానీ గుమ్మం పక్కనే నిలబడి అన్నీ రాసుకుపోతేనో?

గూగుల్ కార్లు చేసింది అదే. వీధుల ఫోటోలు తీస్తూ 2007 నుంచి 2010 దాకా ముప్ఫైకి పైగా దేశాల్లో తిరిగాయి. పాస్‌వర్డు పెట్టని వైఫైల నుంచి ఇళ్లలోని ఈమెయిళ్లు, పాస్‌వర్డులు కూడా పోగుచేశాయి. జర్మనీలో హాంబర్గ్ అధికారులు గుచ్చి గుచ్చి అడిగితే 2010 మేలో సంగతి బయటపడింది. పొరపాటైందంది కంపెనీ. తర్వాత కోర్టులో మాత్రం, తాళం లేని వైఫై రేడియోలాంటిదే, ఎవరైనా వినొచ్చని వాదించింది. 2013లో అమెరికా అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు.

తాళం వేయకపోవడం మన అజాగ్రత్తే, కాదనను. కానీ మన అజాగ్రత్త ఎదుటివాళ్లకు హక్కెలా అవుతుందండీ? రాత్రి పక్కింటావిడ ఏడుపు గోడ దాటి వినబడుతుంది. చెవులు మూసుకోలేం. పొద్దున్నే మాత్రం ఏమీ విననట్టే, "వంటయిందా వదినా?" అని పలకరిస్తాం. ఆవిడ గుట్టు ఆవిడదే.

వైఫైకి పాస్‌వర్డు పెట్టుకుందాం, సరే. కానీ తాళం దొంగ కోసం. మర్యాద తెలిసినవాళ్లకి గడప చాలదూ?