అంట్లు తోమినవారి కూలి

(చదువుకొనవలసిన భాగము: యోహాను 13:1–17)

ప్రభువు తువాలు నడుమునకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగిన సంగతి మన సంఘములలో ఎరుగనివారు లేరు. శ్రమల వారములో గురువారపు రాత్రి ప్రతి యేట వినుచునే యున్నాము. అయితే ఆ యింట పాదములు కడుగుటకు కూలికి కుదిరిన పనివాడొకడు ఉండి, గురువే ఆ పని చేసినందున ఆ దినపు కూలి వానికి పోయి యుండినయెడల మనమేమందుము? ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. కొండమీద జరిగిన ఒక విద్యార్థుల సభలో పనిచేయబోవువరకు మాకును ఇది తోచలేదు.

2019 మే నెలలో కొడైకెనాలులో కొన్ని దేశముల క్రైస్తవ విద్యార్థులకు నాయకత్వ శిక్షణ సభ యొకటి జరిగెను. మన దేశమువారితో కూడ శ్రీలంక, నేపాలు, మలేషియా, కెన్యా దేశములనుండి వచ్చినవారు కలిసి అరువది మంది. ఏర్పాట్లలో సహాయము చేయుటకు మనవైపునుండి ఆరుగురము వెళ్లితిమి. ప్రసంగములు చేయుట మా పని కాదు. గదులు పంచుట, కంబళ్లు లెక్కపెట్టుట, వేళకు గంట కొట్టుట, జ్వరము వచ్చినవారికి కాఫీ మోసికొని పోవుట, ఇవి మా పనులు. కొడై రోడ్డు స్టేషనులో దిగి ఘాటు రోడ్డున 80 కిలోమీటర్లు బస్సులో ఎక్కవలెను. మలుపులకు కడుపు తిప్పినవారికి నిమ్మకాయలు అందించుటతోనే మా సేవ ఆరంభమయ్యెను. ఊరు ఏడువేల అడుగుల ఎత్తున నున్నది. మన ఎండలలోనుండి పోయినవారము మొదటి రాత్రియే వణకుచు, తెచ్చిన కంబళ్లు చాలవని తెలిసికొంటిమి.

విద్యార్థులను ఇట్లు దూరముగా తీసికొనిపోయి కూర్చుట క్రొత్త ఆచారము కాదు. 1886లో అమెరికాలో మౌంట్ హెర్మన్ అను చోట 251 మంది విద్యార్థులు దాదాపు నెల దినములు కూడియుండగా, వారిలో నూరుగురు పరదేశ సేవకు తమ్మును అప్పగించుకొనిరి. ఆ నూరుగురి కథ మిషను చరిత్రలలో చదువుచున్నాము. నెల దినములు వారికి రొట్టె కాల్చినవారిని గూర్చి మాత్రము మనకెవరును చెప్పలేదు.

చెప్పినవారును కొందరున్నారు. అమెరికా మెథడిస్టు మిషనరీయైన స్టాన్లీ జోన్సు గారు 1930లో కుమావు కొండలలో, నైనితాలు దగ్గర సాత్ తాల్‌లో ఆశ్రమము స్థాపించిరి. అక్కడ దొరలు, మనవారు భేదము లేక తమ చేతులతో పనిచేసిరి. వారమునకొక దినము పాకీపనివానికి సెలవిచ్చి, మరుగుదొడ్లు తామే బాగుచేసెడివారు. బ్రాహ్మణులలోనుండి విశ్వాసములోనికి వచ్చిన ఒక సోదరుడు ఆ పనికి వెనుదీసి, తన మారుమనస్సు ఇంకను అంత దూరము పోలేదని ఒప్పుకొనెనని జోన్సు గారు చెప్పుచుండెడివారు. నిజము పలికిన మనిషి! స్విట్జర్లాండులో కో అను కొండ యూరిలో పాత హోటలొకటి 1946లో సర్వదేశ సమావేశములకు స్థలమయ్యెను. అక్కడికి వచ్చిన అతిథులు, ఎంత పెద్దవారైనను, వంటశాలలో కూరలు తరుగుట, పళ్లెములు కడుగుట వాడుకయైనది.

ఈ మాదిరులు చూచియే మేమును, విద్యార్థులు వంతులవారీగా అంట్లు తోమవలెనని పట్టిక వ్రాసి వంటశాల తలుపునకు అంటించితిమి. పిల్లలు సంతోషముగా చేసిరి. చొక్కా చేతులు మడిచి, నురుగు చేతులతో ఫోటోలు తీసికొనిరి. రాత్రి సాక్ష్యములలో ఇద్దరు ముగ్గురు ఆ పనిని గూర్చియే చెప్పగా మాకు ఎంతో తృప్తి కలిగెను. అది కొంచెము అతిశయముతో కూడిన తృప్తియే.

నాలుగవ దినమున వంటశాల వెనుక ఒక తల్లి నిలువబడి యుండెను. మాలో చిత్తూరు వైపు అక్కగారికి తమిళము వచ్చును. ఆమె నడుగగా సంగతి బయటపడెను. విద్యార్థులే తోముచున్నారు గనుక, భోజనముల గుత్తదారు అంట్లపనికి పెట్టుకొనిన నలుగురిలో ఇద్దరిని రెండవ దినముననే మాన్పించెను. ఈమె వారిలో ఒకతె. అంతటితో తీరలేదు. పిల్లలు తోమిన గిన్నెలకు జిడ్డు పోవుట లేదట. మిగిలిన ఇద్దరు రాత్రి అందరు పండుకొనిన తరువాత వాటిని చన్నీళ్లతో మరల తోముచుండిరి.

ఆ రాత్రి మేము ఆరుగురమును కూర్చుంటిమి. అది గుత్తదారుని వ్యవహారము, మనకేల అని ఒకరనిరి. పట్టిక చింపివేయుదమని మరియొకరనిరి. చింపినయెడల పిల్లలు కూర్చుండి తినుటయు, లేచి పోవుటయు నేర్చుకొందురు. నాయకుడనగా ఎవడో ఆ పాఠము కూడ నేర్పుచునే యున్నది గదా! చింపకున్నచో, మన వినయమునకు వెల ఆ తల్లి చెల్లించుచున్నది. పనివాని కూలి ప్రొద్దు గ్రుంకకమునుపే ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఉన్నది. అది చిరకాలముగా చదువుచున్న మాటయే. కాని ఇంతవరకు దానిని కూలి ఎగగొట్టు భూస్వాములకు చెప్పితిమి గాని, మంచిపని చేయుచు కూలి పోగొట్టవచ్చునని ఎన్నడును తలంచలేదు.

మరునాడు సంగతి దాచక సభలో చెప్పితిమి. చాలసేపు ఎవరును మాటలాడలేదు. తరువాత నేపాలునుండి వచ్చిన ఒక చెల్లెలు లేచి, తన తల్లి కొండదారిలో వీపున బరువులు మోయునదని చెప్పి, ఈ సభలో పనిచేయువారికి దినకూలి ఎంతో దయచేసి చెప్పుడని అడిగెను. మా దగ్గర బ్యానరు గుడ్డకు ఎంతయైనదో ఉన్నది, సంచులకు ఎంతయైనదో ఉన్నది. ఆమె అడిగిన లెక్క లేదు. కూలి సంగతి గుత్తదారునికి వదలినప్పుడు దానితో కూడ మా మనస్సాక్షిని కూడ వదలివేసితిమి.

చివరి దినపు తేనీటి విందు మానుకొని, ఆ డబ్బుతో నలుగురికిని అన్ని దినముల కూలియు ఇచ్చి, మాన్పించినవారిని మరల పిలిపించితిమి. గుత్తదారు సణిగెను గాని అడ్డగింపలేదు. పట్టిక తీసివేయవద్దని ఆ తల్లులే చెప్పిరి. కాని పళ్లెములు పిల్లలు తోమవచ్చును, పెద్ద గిన్నెలు మాత్రము ముట్టరాదనిరి! ఆ నేపాలు చెల్లెలు మాత్రము పట్టుబట్టి గంగాళము దగ్గరకు పోగా, ఆ తల్లి ఆమె మణికట్టు పట్టుకొని పీచు ఏవైపు త్రిప్పవలెనో చూపెను. ఒకరి భాష ఒకరికి తెలియదు. ఆ దినమున ఫోటోలు తీయువారెవరును అక్కడ లేరు.

తిరిగివచ్చిన తరువాత ఖర్చుల పుస్తకము సరిచూచి, మొదటి పుటలో ఆ నలుగురి పేర్లును కూలియు వ్రాసితిమి. ఇట్టి సభ మరల జరిగినయెడల పట్టిక ఉండవలెనా అను విషయములో మాకింకను ఏకాభిప్రాయము కుదరలేదు. డబ్బిచ్చి మన వినయమును కొనుక్కొంటిమేమో అని మాలో ఇద్దరు ఇప్పటికిని అనుచున్నారు. చిత్తూరు అక్కగారు మాత్రము, ముందు ఆ తల్లులను అడిగి తరువాత పట్టిక వ్రాయుడి అనుచున్నారు.