లోపల అన్న ఉన్నాడు



కూలి తీసుకుని నవ్వే నవ్వు నిజమైన నవ్వేనా? బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించే అమ్మాయి నవ్వుతుంది. ఆసుపత్రిలో సూది వేసే నర్సమ్మ నవ్వుతుంది. పని మీద ఉన్నప్పుడు చుట్టం గడప తొక్కితే మనమూ నవ్వుతాము. వీటిలో ఏది మనసులో నుంచి వచ్చిందో, ఏది అవసరం కొద్దీ వచ్చిందో విడదీసి చెప్పడం కష్టం. నేను మాత్రం ఈ ప్రశ్నను ఒక ఎలుగుబంటి తలకాయ తొడుక్కుని ఆలోచించవలసి వచ్చింది. వినడానికి విచిత్రంగా ఉంటుంది గనుక మొదటి నుంచి చెబుతాను.

మాది చౌటుప్పల్. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే జాతీయ రహదారి మీద, నగరానికి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో కలిసింది గాని, అంతకుముందు నల్లగొండ జిల్లా. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు పోయే యాత్రికుల బస్సులు ఎన్నో మా ఊరి మీదుగానే సాగిపోతాయి. మా చిన్నతనంలో పిల్లలకు వినోదమంటే జాతరలో రంగులరాట్నమే. అదృష్టం ఉంటే హైదరాబాదు నాంపల్లిలో నుమాయిషు. 1994లో హుస్సేన్ సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు, 1996లో మా దారిలోనే రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చాయి. ఆ తరువాత నగరం చుట్టూ ఒక్కొక్కటిగా వినోద పార్కులు వెలిశాయి. గేటు దగ్గర టిక్కెట్లు చింపడం, తిరిగే కుర్చీలలో పిల్లలకు బెల్టులు బిగించడం వంటి పనులు మా ప్రాంతపు యువకులకు దొరికాయి. మగ్గం మీద వచ్చేది ఇల్లు గడవడానికి చాలక, నేనూ అటువంటి ఒక పార్కులో మూడేళ్ళు పనిచేశాను. ఇరవై ఏళ్ళ కిందటి మాట.

నాకు ఇచ్చింది ఎలుగుబంటి వేషం. ఒళ్ళంతా బొచ్చు గుడ్డ, లోపల స్పాంజి, పైన పెద్ద తలకాయ. ముక్కు దగ్గరి చిన్న జాలీలో నుంచి లోకాన్ని చూడాలి. ఎండాకాలంలో పావుగంటకే చెమట మడమల దాకా కారేది. ఆ తలకాయకు చెవి నుంచి చెవి దాకా తెల్లని పళ్ళతో ఒక నవ్వు కుట్టి ఉండేది. నేను లోపల ఏడ్చినా, ఆవులించినా ఆ నవ్వు చెదిరేది కాదు. మాకు రెండు నియమాలు ఉండేవి. వేషంలో మాట్లాడరాదు. పిల్లల ముందు తల తీయరాదు.

నిజం చెప్పాలంటే ఆ వేషం నాకు ఇష్టమే. ఎందుకో నల్లగొండ జిల్లావాసులకు చెప్పనక్కరలేదు. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే కీడని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా పల్లెలలో ఎన్నో బోర్లు ఆ హద్దును దాటినవే. చిగురు లోపల పళ్ళు తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగిన పిల్లలకు పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. ఎంత తోమినా పోవు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టారంటే, మా కష్టం ఎంత పాతదో ఊహించండి. నా పళ్ళూ అలాంటివే. అందుకే పెళ్ళిళ్ళలో ఫొటో తీసేటప్పుడు నోరు మూసుకునే నాకు, కుట్టిన తెల్లని నవ్వు వెనుక దాక్కోవడం హాయిగా ఉండేది.

ఇక పిల్లల సంగతి. వారు ఎలుగుబంటిని కొట్టేవారు, తన్నేవారు, తోక ఉందా అని వెనుక వెతికేవారు. కాని మనసులో నిలిచినవి అవి కావు. రెండేళ్ళ పాప ఒకతి తాను సగం కొరికిన మురుకును నా గుడ్డ నోటిలోకి తోసి, నేను తినేదాకా కదలనన్నది. ఒక బాబు నా చెవి దగ్గరకు వచ్చి, లెక్కల పరీక్ష తప్పిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదని గుసగుసలాడిపోయాడు. నేను చేయగలిగింది అతని తల నిమరడమే. ఆ పిల్లలలో ఒక్కరైనా నా కూలి ఎంత అని అడగలేదు. తల్లిదండ్రులు టిక్కెట్టు కొన్నారన్న సంగతే వారికి పట్టలేదు. పెద్దలు కొన్నదానిని పిల్లలు కానుకగా స్వీకరించారు. చిన్నబిడ్డ వలె స్వీకరించని వారికి దేవుని రాజ్యంలో ప్రవేశం లేదని మార్కు సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు ఎందుకు హెచ్చరించారో నాకు అక్కడే కొంత అర్థమయింది.

అయినా నా ప్రశ్న తీరలేదు. మా మేనమామను సమాధి చేసిన మరునాడే నేను పనికి పోవలసి వచ్చింది. లోపల కళ్ళు తుడుచుకునే వీలు కూడా లేదు. పైన ఎలుగుబంటి నవ్వుతూ గంతులు వేసింది. సాయంత్రం బస్సులో, పొద్దంతా పసిపిల్లలకు అబద్ధం చెప్పానన్న బాధ పట్టుకుంది. ఆదివారం పూజ ముగిశాక మా విచారణ గురువుల వద్ద ఈ మాట బయటపెట్టాను. ఆయన నవ్వి, "నాకు జ్వరం ఉన్ననాడు పూజ చేస్తే, నీకు అందే దివ్యసత్ప్రసాదంలో జ్వరం ఉంటుందా?" అని అడిగారు. సంస్కారాలలో అందే వరప్రసాదం గురువు యోగ్యతను బట్టి కాదు, క్రీస్తును బట్టి వస్తుందని శ్రీసభ బోధిస్తుంది. పునీత అగుస్తీను ఆ కాలంలో దొనాతు పక్షం వారితో గట్టిగా వాదించింది ఈ విషయం మీదనే. "నీ పని సంస్కారం కాదు. అయినా నీ మనసు బాగాలేని రోజున కూడా పిల్లవాడికి సంతోషం అందిందంటే, అది అబద్ధం కాదు" అన్నారు ఫాదర్ గారు. కొంచెం ఆగి ఇంకొక మాట కూడా అన్నారు: "కాని నేను పంచేదానికి నేనే దూరంగా ఉండిపోతే, నష్టపోయేది నేను."

మొదటి మాట నాకు ఊరటనిచ్చింది. రెండవ మాట గుచ్చుకుంది. అది ఎందుకు గుచ్చుకుందో ఆ డిసెంబరులో తెలిసింది.

ఆగమన కాలం చివరి వారం. మా జిల్లా పల్లె నుంచి ఒక బడి పిల్లలు విహారయాత్రకు వచ్చారు. అందరూ నా చుట్టూ చేరి కేరింతలు కొడుతున్నారు. ఒక అమ్మాయి మాత్రం కొంచెం ఎడంగా నిలబడింది. పదేళ్ళుంటాయి. నవ్వు వచ్చినప్పుడల్లా అరచేతితో నోరు మూసుకుంటున్నది. సారు ఫొటో తీస్తానంటే ఇంకా వెనక్కు జరిగింది. ఎవరో పిల్లవాడు ఏదో అన్నాడు. మిగతావారు నవ్వారు. ఆమె తల దించుకున్నది. ఆ చేయి ఎందుకు నోటి మీదికి పోయిందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. నేను దగ్గరకు పోయి గంతులు వేశాను, చేతులు ఊపాను. ఆమె నా తెల్లని పళ్ళ వంక చూసి, చేతిని ఇంకా గట్టిగా అదుముకున్నది.

అప్పుడు నేను చేసింది ఆలోచించి చేసింది కాదు. మోకాళ్ళ మీద కూర్చుని తలకాయ తీసి, ఆ అమ్మాయి వైపు చూసి నోరారా నవ్వాను. చెమట కారే ముఖం, నా చారల పళ్ళు. ఆమె చాలాసేపు చూసింది. మెల్లగా చేయి కిందికి దిగింది. ఆమె కూడా నవ్వింది.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. కాని మా పక్కనే ఇంకొక కుటుంబంతో వచ్చిన నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. ఎలుగుబంటి తల ఊడిరావడం చూసి వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఎలుగుబంటి చచ్చిపోయిందని వాడి ఏడుపు. తల్లి ఎత్తుకున్నా ఊరుకోలేదు. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. అప్పుడు ఆ అమ్మాయే వాడి దగ్గరకు పోయింది. అంతవరకు నోరు విప్పని పిల్ల, నోటికి చేయి అడ్డం పెట్టుకోకుండా, "ఏడువకురా తమ్మీ. సచ్చిపోలే. లోపట అన్న ఉన్నడు, సూడు" అన్నది. వాడి చేయి పట్టుకుని తెచ్చి నా చెంపకు తాకించింది. వాడు నా తడి చెంపను తడిమి చూసి, ఏడుపు ఆపి, "మళ్ళ తొడుగు" అన్నాడు. తొడుక్కున్నాను. ఈసారి ఇద్దరూ కలిసి ఎలుగుబంటిని వాటేసుకున్నారు.

నియమం తప్పినందుకు ఆ రోజు కూలిలో సగం కోశారు. "ఒక పిల్లను నవ్వించబోయి ఇంకొక పిల్లవాణ్ణి ఏడిపించినవ్" అని మా సూపర్‌వైజరు మందలించాడు. ఆయన మాట తప్పని నేను ఇప్పటికీ అనలేను. మంచి చేయబోయే చేయి పక్కవారికి తగలవచ్చునని నేర్చుకున్నాను. కాని బస్సులో ఇంటికి వస్తూ, నా ప్రశ్నకు జవాబు దొరికిందని కూడా అనుకున్నాను.

పాఠకులారా, కుట్టిన నవ్వు అబద్ధం కాదు. దానితో ఎందరో పిల్లలు నిజంగానే సంతోషించారు. కూలి మన గంటలకు వెల కట్టగలదు. ఆ గంటలలో మనం పెట్టే ప్రేమకు వెల కట్టలేదు. 1981లో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు మానవ శ్రమ గురించి వ్రాసిన విశ్వలేఖలో బోధించినది కూడా ఇటువంటిదే. పనికి విలువ ముందుగా అది ఎటువంటి పని అన్నదానిని బట్టి రాదు, దానిని చేసేవాడు మనిషి కావడం వల్ల వస్తుంది. ఆయన కూడా యవ్వనంలో రాతి గనిలో, రసాయన కర్మాగారంలో పనిచేసినవారే. రహస్యంగా నాటకాలలో వేషాలు వేసినవారే.

అయినా, కుట్టిన నవ్వు చేరలేని చోటు ఒకటి ఉన్నది. లోపం లేని ఆ నవ్వు లోపంతో బాధపడే పిల్లకు ఏ ఊరటా ఇవ్వలేకపోయింది. ఆమె లోపాన్ని ఆమెకు మళ్ళీ గుర్తు చేసింది, అంతే. ఆమెకు కావలసింది తనలాంటి పళ్ళు గల ఒక అన్న. క్రిస్మసు పరమ రహస్యం ఇదే కదా! దేవుడు పరలోకం నుంచి మనకు చేయి ఊపి ఊరుకోలేదు. మన రక్తమాంసాలు ధరించి, మన ఆకలి, చెమట, కన్నీరు తనవి చేసుకున్నారు. పునరుత్థానుడైన తరువాత కూడా గాయాల గుర్తులను చెరిపివేసుకోలేదు. వాటినే తోమాసుకు చూపించారు. అనేక సోదరులలో ఆయనే జ్యేష్ఠుడని పునీత పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ 8వ అధ్యాయంలో చెబుతున్నారు. లోపల అన్న ఉన్నాడని ఆ పల్లె పిల్ల చెప్పిన మాట కంటే మంచి క్రిస్మసు ప్రసంగాన్ని నేను ఇంతవరకు వినలేదు.

పిల్లలను వినోదపరచడం చిన్న పని అనుకునేవారు పునీత డాన్ బోస్కోను తలచుకోవాలి. బాలుడుగా ఉన్నప్పుడు ఆయన సంతలలో గారడీవారిని చూసి విద్యలు నేర్చుకున్నాడు. రెండు చెట్ల నడుమ తాడు కట్టి దాని మీద నడిచి చూపించేవాడు. ఆటకు ముందు అందరూ జపమాల చెప్పాలి, గుడిలో విన్న ప్రసంగాన్ని ఆయన మళ్ళీ చెబితే వినాలి. అదే ఆయన టిక్కెట్టు! పిల్లలను ప్రేమిస్తే చాలదు, ప్రేమింపబడుతున్నామని వారికి తెలియాలని 1884లో రోము నుంచి తన వారికి వ్రాసిన లేఖలో ఆయన నొక్కి చెప్పారు. తెలియాలంటే ఎక్కడో ఒకచోట మన ముఖం వారికి కనబడాలి.

అందుచేత తల్లిదండ్రులకు రెండు మనవులు. సెలవులలో పిల్లలను పార్కుకు తీసుకుపోయినప్పుడు, బొమ్మ వేషం వేసుకున్నవారిని తన్ననివ్వకండి. లోపల ఒక అన్న ఉన్నాడని, ఒక అక్క ఉన్నదని చెప్పండి. పోయేటప్పుడు చేయి కలిపి 'థాంక్యూ' చెప్పించండి. రెండవది ఇంకా ముఖ్యం. బయటివారికి రోజంతా నవ్వులు పంచి, ఇల్లు చేరాక పిల్లలకు అలసిన ముఖం మాత్రమే మిగల్చకండి. అలసిపోయానని వారికి చెప్పినా తప్పులేదు. మీ కష్టం, మీ లోపం కొంచెం కనబడినా ఫరవాలేదు. వారు వెదికేది దోషం లేని బొమ్మను కాదు, తమ అమ్మను, నాన్నను.

2015 జూన్ 8న రాష్ట్ర మంచినీటి పథకం పైలాన్‌ను మా చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. తరువాత దానికే మిషన్ భగీరథ అని పేరు వచ్చింది. కుళాయిలకు నది నీళ్ళు వచ్చాయి. మా పల్లెలలో ఇప్పుడు పుట్టే పిల్లలు నోటికి చేయి అడ్డం పెట్టుకోకుండా నవ్వాలని నా ప్రార్థన. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఉన్నదో గాని, బహుశా తానూ బిడ్డల తల్లి అయి ఉంటుంది. ఆమెకు, ఆమె బిడ్డలకు బాలయేసు దీవెనలు కలుగును గాక. మన అందరి ఇండ్లలోనూ ముసుగులు తీసి నవ్వుకునే వేళ ఒకటి, రోజుకు ఒక్కసారైనా, ఉండును గాక.