మెఫీబోషెతు పొలము

ధ్యానభాగము: 2 సమూయేలు 9, 16:1-4, 19:24-30



మెఫీబోషెతు రాజు బల్లయొద్ద భోజనము చేసిన సంగతి మన సండేస్కూలు పిల్లలకును తెలియును. అయిదేండ్ల ప్రాయమున దాది చేతినుండి పడి రెండు కాళ్లును చెడినవానిని దావీదు లోదెబారునుండి పిలిపించి, సౌలు భూములను తిరిగి ఇచ్చెను. మనము సాధారణముగా అక్కడనే గ్రంథము మూసివేయుదుము. తరువాతి కథ అంత తీపి కాదు. అబ్షాలోము తిరుగుబాటు నాడు సేవకుడైన సీబా వచ్చి ఒక్క చాడీ చెప్పగానే, రాజు విచారింపకయే ఆ భూమినంతయు సీబాకు ఇచ్చివేసెను. నిందపడినవాడు అక్కడ లేడు. ఎవరైన గాడిదను సిద్ధపరచనిదే రాలేనివాడు! కడపట అతని మాట విన్నప్పుడైనను తిరిగి వచ్చినది సగమే.

మన అరసవల్లిలోను ఈ కథ వినవలసిన కాలము వచ్చినది. 2024 జూలైనుండి మన రాష్ట్రములో ఎన్.టి.ఆర్. భరోసా క్రింద వికలాంగుల పింఛను 3,000 నుండి 6,000 రూపాయలాయెను. మంచము దిగలేనివారికి 15,000. ఇందుకు దేవునికి స్తోత్రము. అయితే సదరం సర్టిఫికెట్టులో 40 శాతమైన ఉండవలెను. 2025లో మరల పరీక్షలు జరిపి, ఆగస్టులో అనేకులకు నోటీసులు పంపిరి. దొంగ సర్టిఫికెట్లు ఉన్నవనిరి. ఉండవచ్చును, సీబాలకు ఏ కాలమునను కొదువ లేదు, వారిని ఏరివేయుట న్యాయమే. కాని 39 శాతమువాని ఆకలి 40 శాతమువాని ఆకలికంటె చిన్నదా?

కాలు చెడినవానిని అందరును చూతురు. మనస్సు చెడినవాని సంగతి వేరు. మనోవ్యాధి 1995 చట్టములోనే చేర్చబడినది. 2016 చట్టము ఆ పట్టికను 7నుండి 21 విధములకు పెంచినది. వైద్యులు కొలుచునవి నాలుగు: తన్ను తాను చూచుకొనుట, ఇతరులతో మెలగుట, మాట గ్రహించి బదులిచ్చుట, పని చేయుట. ఇవి మంచి కొలతలే. అయినను పరీక్ష దినమున అతడు నెమ్మదిగా కూర్చుండవచ్చును. ఆ రాత్రి ఇల్లు విడిచి పోవచ్చును. తల్లిని అడుగక శాతము వ్రాసినయెడల అది దావీదు తొందరపాటు వంటిదే. (ఆ దావీదే ఒకప్పుడు గాతులో ఆకీషు ఎదుట వెర్రివానివలె నటించి తప్పించుకొనెను. నటించువారు లేరని మేము చెప్పుట లేదు.)

ప్రభుత్వమును అనుటకు ముందు మన నోటిని చూచుకొందము. రథసప్తమికి ఆరోగ్యము కోరి వేలమంది వచ్చు ఊరు మనది; రోగమన్న తెలియని ఊరు కాదు. అయినను, “రాయివలె ఉన్నాడు, వీనికి పింఛనెందుకు?” అని అరుగుమీద అనువారిలో మనవారును ఉన్నారు. చాడీకి సింహాసనము అక్కరలేదు, అరుగు చాలును.

నోటీసు వచ్చినవారికి అప్పీలు చేసికొని మరల పరీక్షకు పోవు దారి ఇచ్చిరి. అయితే మతి నిలువనివాడు అప్పీలు వ్రాయునా? కాబట్టి చదువుకొన్న యౌవనస్థులు ఆరాధన తరువాత అట్టి ఇండ్లకు వెళ్లి, ఆసుపత్రి చీట్లు, మందుల చీట్లు తేదీలవారీగా కుట్టి, అర్జీ వ్రాసిపెట్టుడి. పరీక్షకు పిలిచిన దినమున తల్లినో అన్ననో వెంట పంపుడి. ఆటో కూలికి లేనియెడల కానుకపెట్టెనుండి ఇత్తము, పెద్దలతో మాటలాడియున్నాము.